ఓదార్పు పాట - ఒక పునరాలోచన

మన విమర్శలో ఓదార్పు అనేది అనుమానాస్పదమైన మాట. ఓదార్చే పాట మనిషిని నిద్రపుచ్చుతుందనీ, మేల్కొలిపేదే ప్రజల పాట అనీ చాలాకాలంగా చెప్పుకొస్తున్నాం. పదేళ్ల క్రితం ఒక సభలో నేనూ అదే వాదించాను. ఆ వాదనలో లోపం ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

'వెలుగునీడలు' (1961) చిత్రానికి శ్రీశ్రీ రాసిన పాటల్లో రెండు అందరూ ఎరిగినవే. స్వాతంత్ర్యం వచ్చిందని సంబరపడి ఆగిపోవద్దనే పాట ఒకటి. బతుకును కన్నీళ్లకు ధారపోయవద్దని చెప్పే పాట మరొకటి. రెంటికీ పెండ్యాల నాగేశ్వరరావే సంగీతం కూర్చాడు, రెంటిలోనూ ఘంటసాల గొంతే వినిపిస్తుంది. ఆగస్టు 15న మా బడిలో మొదటిదే మోగుతుంది. మన సభల్లోనూ దానికే గౌరవం. రెండవదాన్ని మాత్రం ఉత్త సినిమా పాట కింద జమకట్టాం.

నిరుడు పత్తి ఏరే రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె బడి మానేసింది. ఇంటికి వెళ్లి నచ్చజెప్పబోతే, "మీరు చెప్పేది నిజమే సారూ, మరి అప్పు ఎవరు తీరుస్తారు?" అంది తల్లి. జవాబు లేక బస్టాండుకు వచ్చి కూలబడ్డాను. టీ బంకు ముసలాయన సెల్‌ఫోన్‌లో ఆ రెండవ పాట వస్తోంది. మా నాన్న రేడియో దగ్గర నేను నేర్చుకున్న పాట. పల్లవి ఎత్తుకోగానే నా పెదవులు కదిలాయి. పాట అయ్యేసరికి గుండె కాస్త తేలికపడింది. అప్పు తీరలేదు, పిల్ల బడికి రాలేదు. మరి మారిందేమిటి?

పాటలోని సందేశమే పనిచేసిందంటే నేను ఒప్పుకోను. అలాగైతే మొదటిసారి విన్నప్పుడే అది ఎక్కువ పనిచేయాలి, నూరోసారికి అరిగిపోవాలి. తెలిసిన పాట పట్టుకునేది మన ఎదురుచూపును. గొంతు ఎక్కడ పైకి లేస్తుందో తెలుసు, అక్కడ అది లేచి తీరుతుంది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరికి వాళ్లు మెచ్చిన సంగీతాన్నే వినిపించి మెదడును పరీక్షించారు. ఒళ్లు పులకరించే ఘట్టంలోనే కాక, దానికోసం వేచిచూసే క్షణాల్లోనూ డోపమీన్ విడుదలవుతున్నట్టు గమనించారు. విజ్ఞానశాస్త్రం ఇంతవరకు చెప్పింది. వానగానీ, పంట ధరగానీ, కూలి డబ్బుగానీ అనుకున్న వేళకు రాని వాళ్ల బతుకులో, అనుకున్న చోటనే వచ్చి వాలే ఒక్క పాదానికి ఎంత విలువ ఉందో ప్రయోగశాల చెప్పదు. అది విమర్శకుని పని. మనం చేయలేదు.

మాటల్ని మాత్రమే తూచే మన పద్ధతికి 'దేవదాసు' (1953) అసలు లొంగదు. లోకమంతా మాయ అంటూ తాగుబోతు పాడే ఆ సముద్రాల పాటలో వస్తువు పచ్చి నిరాశావాదమే. అయినా దాన్ని పాడుకుని తేలికపడ్డ వాళ్లను ఎందరినో చూశాను. కరుణరసం దుఃఖమే ఇచ్చేదైతే దాని జోలికి ఎవరు పోతారని విశ్వనాథుడు 14వ శతాబ్దంలోనే సాహిత్యదర్పణంలో వాదించాడు. (ఎం.ఏ. పరీక్ష కోసం అది బట్టీపట్టి, తర్వాత భూస్వామ్య యుగపు సరుకని పక్కన పెట్టిన వాళ్లలో నేనొకణ్ణి.)

అసలు మన మేల్కొలుపు పాటలు మాత్రం దేనిమీద నిలబడ్డాయి? 1943లో ఏర్పడ్డ ప్రజానాట్యమండలి కొత్త భావాలను బుర్రకథలోకి, జనం ఎరిగిన బాణీల్లోకి ఎక్కించింది. తెలిసినదాని బలం వాళ్లకు తెలుసు. అదే బలాన్ని ఎన్నికలప్పుడు మైకు కట్టిన ప్రతి ఆటో వాడుకుంటుంది, అది వేరే సంగతి. అలవాటైన బాణీ ఉద్యమంలో ఆయుధమనీ, బస్టాండులో మత్తుమందనీ ఒకే నోటితో ఎలా అంటాం?

మర్నాడు మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆ పాట వినకపోతే వెళ్లేవాణ్ణేనా అన్నది నాకింకా తేలలేదు. ఈసారి తల్లి మంచం వాల్చి కూర్చోమంది. పిల్ల చేనుకు పోయింది.