వెర్మీరు పటములోని పనికత్తె

హాలండుదేశపు గృహచిత్రములను గొనియాడు వ్రాతలన్నిటను ఒకేమాట వినవచ్చును: ఎంత శుభ్రమైన గచ్చు, ఎంత ప్రశాంతమైన కాపురము! సంస్కారప్రియులు ఆ యిండ్లను మన కాదర్శముగా చూపుటయు కలదు. కాని ఆ గచ్చు కడిగిన దెవరో యడుగక ఆ చిత్రములను అర్థము చేసికొనజాలము. పదునేడవ శతాబ్దమున అచ్చట పటములను విశేషముగా కొన్నవారు వర్తకులు, గృహస్థులు. వారు తమ గోడకు తమ యింటినే తగిలించుకొనిరి. ఇంటి హోదాకు పనికత్తె యొక గుర్తు.

నికొలాస్ మాస్ 1655లో వ్రాసిన ‘సోమరి పరిచారిక’ లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. అంట్లగిన్నెలు నేలపై పడియుండ, పనికత్తె చెంపకు చేయిచేర్చి నిద్రించుచున్నది. వెనుక పిల్లి కోడిని దొంగిలించుచున్నది. యజమానురాలు ఆమెను చేతితో చూపుచు మనవంక చూచి నవ్వుచున్నది. ఆ నవ్వులోనే యున్నది కీలకమంతయు. చూచువాడు తనకు తెలియకయే యజమానురాలి పక్షమున చేరును. ఆ పిల్ల ఏజామున లేచినదో యెవ్వరు నడుగరు.

వెర్మీరు 1660 ప్రాంతమున వ్రాసిన పాలుపోయు పరిచారిక అట్టిది కాదు. ఆమ్‌స్టర్‌డాములోని రైక్స్ మ్యూజియమున నున్న ఆ పటము మూరెడు మాత్రమే. యజమానురాలు కానరాదు. కిటికీవెలుగు, బోసిగోడ, గోడకు మేకు, మేకు లూడిన గుంటలు, బల్లపై రొట్టెలు. ఆమె చూపు పాలధారమీదనే. మన మెప్పుతో ఆమెకు పనిలేదు. ఆమె నడుమునకు కట్టిన పనిబట్టకు చిత్రకారుడు రాజావర్తమను రత్నమును నూరిన నీలిరంగు వాడినాడు, అది మిక్కిలి వెలగలది. (ఇట్టి రంగులు వాడినవాడు 1675లో అప్పులతో పోగా, భార్య రొట్టెలబాకీ క్రింద రెండు పటముల నప్పగింపవలసివచ్చెను.) 1696 వేలములో పరిచారిక పటము 175 గిల్డరులు పలికినది, పనికత్తె యొకయేటి జీతము దానికి చాలదు. వెర్మీరు అత్తగారియింట తన్నెకె యను పనికత్తె యుండెనని 1666 నాటి సాక్ష్యపత్రము తెలుపుచున్నది. పటములోనిది ఆమెయే యనుట కాధారము లేదు.

ఆ దేశపు శ్రీమంతుల గృహములకు మన తీరమునుండియు వస్తువులు పోయినవి. మన పెద్దలు ఒలందావారనిన ఆ డచ్చివారు 1613లో ప్రళయకావేరి యొడ్డున పులికాటులో గెల్డ్రియా కోటను నెలకొల్పిరి. చిరువేరుతో ఎఱుపెక్కించిన మన యద్దకపుబట్టలు వారికి నిలువుటంగీలును, పడకదుప్పట్లును అయినవి. ఆ రేవునుండియే కఱవుకాలములలో బీదలను బానిసలుగా కొని బటావియాకు ఓడల నెక్కించిరి. ఆ ప్రశాంతమైన గదులలో వీరి నీడయైన లేదు.

మన పటముల సంగతి యేమి? 1894లో రవివర్మ అచ్చుకూటము వెలసిన పిమ్మట లక్ష్మీసరస్వతులు ఇంటింటి గోడల నెక్కిరి. దామెర్ల రామారావు ‘పుష్పాలంకరణము’ వ్రాసెను; ఇరువదియెనిమిదవయేటనే పోయిన యతనిని తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. కాని అంట్లు తోమునామె పటము మా ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతపు గోడలపై నాకు కనబడలేదు. ఉదయగిరిలో స్త్రీలు చెక్కిన కొయ్యగరిటెలు ఏ కులమువారి వంటింటికైనను పోవును. చెక్కినామె ఎంతవఱకు పోగలదు? పెరటిగుమ్మమువద్ద బూడిదతో మసిగిన్నె తోముచున్నామెకు నేటికిని పెక్కిండ్ల గ్లాసు వేఱు. ఆమెను వ్రాయబూనిన చిత్రకారుడు ముందుగా పేరడుగవలసియుండును; ‘ఏమే’ యని పిలుచుట కలవాటుపడిన యజమానురాలు దానిని చెప్పజాలకపోవచ్చును.