కోఠిలో ఏది వారసత్వం?

హైదరాబాద్ పాత కట్టడాల మీద రాసే పెద్దలు కోఠి రెసిడెన్సీ దగ్గరికి రాగానే కరిగిపోతారు. 1803లో కర్క్‌ప్యాట్రిక్ దొర మొదలుపెట్టిన భవనం, ఎత్తైన స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు, దొరకూ ఖైరున్నిసాకూ నడిచిన ప్రేమకథ. ఇదంతా నిజమే. శిథిలమైపోతున్న ఆ భవనాన్ని వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ పూనుకొని బాగుచేయించడమూ మంచి పనే. మా పేచీ భవనంతో కాదు, దాని చుట్టూ గీసిన గీతతో.

ఆ గేటు దాటి కాసేపు నడిస్తే ఇసామియా బజార్ వస్తది. 1910లో భాగ్యరెడ్డి వర్మ అంటరాని పిల్లల కోసం బడి పెట్టిన చోటు అది. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి బస్తీలను కదిలించిన మనిషి ఆయన. ఉర్దూ రాజ్యమేలే కాలంలో తెలుగులో చదువు చెప్పిన బడులవి. ఒక్కటి కాస్తా రెండు డజన్లు దాటినై. పక్కనే చాదర్‌ఘాట్‌లో ఆదిహిందూ భవన్ లేచింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యపు దళితులు 'ఆది హిందువులు'గా రాయించుకోగలిగారంటే దాని వెనక ఈ గల్లీల కష్టం ఉన్నది. రెసిడెన్సీ గోడకు ఇవతల ఇంత చరిత్ర నడిస్తే, వారసత్వమంటే ఇప్పటికీ దొర ప్రేమకథేనా?

1995 నాటి వారసత్వ నిబంధనలనూ, 1998లో వచ్చిన జాబితానూ ఒక రచన చదివినట్టు చదవాలంటాం. ప్యాలెస్‌లు, దేవిడీలు, హైకోర్టు, ఉస్మానియా దవాఖానా. కమాను ఉంటే చూపు ఆగుతది. అద్దె గదిలో నడిచిన బడికి కమాను ఎక్కడ్నుంచి వస్తది? కట్టడాన్నే కొలబద్ద చేసుకుంటే, కట్టుకునే స్తోమత లేకుండా చేయబడ్డవాళ్లకు చరిత్రే లేకుండా పోతది.

దేవిడీలనే తీసుకోండి. దివాన్‌ఖానా, జనానా అని వర్ణిస్తారు గాని, వెనక పాయఖానా ఎత్తడానికి మెహతర్ వచ్చిపోయే దారిని ఎవరు గీసి చూపారు? డంగు సున్నం ఎంత గట్టిదో పేజీలు నింపుతారు. ఆ సున్నం నూరిన ఆడకూలీ, రాయి కొట్టిన వడ్డెర మాత్రం 'సాంప్రదాయ పరిజ్ఞానం' అనే మాటలో మాయమైపోతారు. పరిజ్ఞానం ఉంది, మనిషే లేడు!

2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తీసేసినప్పుడు వారసత్వ ప్రేమికులు ఆందోళన చేశారు, న్యాయంగానే చేశారు. 2017లో కొత్త చట్టం వచ్చింది. చట్టం మారింది గాని, ఏది కాపాడదగినదో తేల్చే చూపు మారలేదు. పాత కట్టడాలను కూల్చేయాలని మేము అనడం లేదు. ఆ రెసిడెన్సీ ఆవరణలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మన ఆడపిల్లలు ఎందరో చదువుకున్నారు. 2024లో అక్కడి మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, అది చిన్న విషయం కాదు. అయితే గేటు మీద పేరు ఒకరిది, లోపల చెప్పే కథ మరొకరిది అయితే ఎట్ల?

భాగ్యరెడ్డి వర్మ బడులు నడిచిన చోట్లను జాబితాకెక్కించమని అడగాలి. దానికన్నా ముందు, ఆ బడుల్లో చదివినవాళ్ల బిడ్డలు బతికుండగానే ఇసామియా బజార్, లింగంపల్లి గల్లీలు తిరిగి ఏ బడి ఏ ఇంట్లో నడిచిందో రాసుకోవాలి. విద్యార్థులు పూనుకుంటే ఒక ఎండాకాలం సెలవుల్లో అయ్యే పని.