త్రోవలో నెదురైన మనుష్యులు

విదేశములకు బోయి వచ్చినవారు వ్రాసెడి యాత్రాగ్రంథములలో గోపురముల యెత్తులును, వంతెనల పొడవులును, భోజనశాలల వెలలును కొదువలేక యుండును. ఆ దేశమున గాపురముండు మనుష్యుడు మాత్రము అరుదుగా గానవచ్చును; కానవచ్చినను వింతవస్తువువలె నొకచోట నిలిచి, ఒక నవ్వుమాట పలికి తొలగిపోవును. ఇట్టి పుస్తకములతో విసిగిన చదువరులకు రాబర్టు లూయీ స్టీవెన్‌సను 1879లో ప్రకటించిన ‘సెవెన్ను కొండలలో గాడిదతో యాత్ర’ యను చిన్న గ్రంథమును జూపవలెనని నా కోరిక. దోషములు లేని గ్రంథమని కాదు. దాని గుణమును, దోషమును గూడ త్రోవలో దారసిల్లిన మనుష్యులయొద్దనే బయటపడుచున్నవి.

గ్రంథకర్త స్కాట్లండువాడు. 1878వ సంవత్సరపు శరత్కాలమున ఫ్రాన్సుదేశపు దక్షిణభాగములోని లమొనాస్తియే గ్రామమున, 65 ఫ్రాంకులకును ఒక గ్లాసు బ్రాందికిని మొడెస్టీను అను ఆడుగాడిదను గొనెను. (బేరము బ్రాందితో ముగియుట మన పాఠకులకు రుచింపకపోవచ్చును, ఆ దేశాచార మట్టిది.) 12 దినములలో సుమారు 120 మైళ్లు నడచి సేన్‌జాన్ దు గారు చేరి, దానిని 35 ఫ్రాంకులకు విక్రయించి, పిమ్మట దానికై కంట నీరు పెట్టుకొనెను. కథ యింతే.

అన్నిటికంటె నాకు నచ్చిన ఘట్టము బుషే సేన్ నికోలా యను నూరి పూటకూళ్లయింటిది. ఆ యింటి యజమానురాలు చదువెరిగినది, భర్త చదువులేనివాడు. తన భర్తకేమియు దెలియదనియు, పశువువంటివాడనియు ఆమె యతిథి యెదుటనే చెప్పివేయును. భర్త తల యూపి యొప్పుకొనును. ఆమెయందు తిరస్కారము లేదు, ఆయనయందు సిగ్గు లేదు. ఉన్న సంగతి నిద్దరును అంగీకరించిరని వ్రాసి గ్రంథకర్త యూరకుండెను. వేరొక రచయితయైనచో భార్యను గయ్యాళినిగానో, భర్తను వెంగలిగానో చేసి రెండు పుటలు నవ్వించియుండును. భార్య చదివి భర్త చదువనిచో సంసారము తలక్రిందగునని వాదించెడివారు మన యిండ్లలోను గలరు. వా రీ ఘట్టమును జదువుదురుగాక.

అంతటితో నైపోలేదు. ఆ గృహిణి యతిథిని యాత్రావిషయమున గట్టిగా బ్రశ్నించి, ఈతడు పుస్తకము వ్రాయబోవుచున్నాడని గ్రహించి, అందులో నేమేమి యుండవలెనో తానే చెప్పసాగెను. ఏ చోట పంట కోసిరి, ఎచ్చట నడవులున్నవి, జనుల నడవడి యెట్టిది, తానును ఇంటియజమానియు నేమి పలికిరి, ప్రకృతిసౌందర్య మెట్లున్నది. అదియేనని స్టీవెన్‌సను ఒప్పుకొనగా, చూచితివా, నాకు దెలిసినదని భర్తవంక దిరిగెను. చూడబడుచున్న మనుష్యురాలు చూచువాని పనిని తానే దిద్దుచున్నది! యాత్రాగ్రంథములలో నిట్టి తావులు మిక్కిలి తక్కువ. మరునాడు, ఆ యేమియు దెలియని భర్తయే గాడిదను నడపుటకు ములుకోల నిచ్చెను. అంతకుముందు దినమెల్ల మొడెస్టీనుతో పడరానిపాట్లు పడిన పండితుడు ఆ పామరుని నోరార దీవించెను.

ఇంతటి యోర్పు ఫూజిల్యాకు ప్రాంతమున నాయనకు లేకపోయెను. దారి యడుగగా నిద్దరు బాలికలలో నొకతె నాలుక చాచెను, రెండవది ఆవుల వెంట బొమ్మనెను. ఆ మండలమున 1764 మొదలు 1767 వరకు నొక క్రూరమృగము సుమారు నూర్గురను జంపినది. ఆ మృగముపై దనకు సానుభూతి కలుగుచున్నదని గ్రంథకర్త హాస్యమాడెను. ఆ రాత్రియే యొక వృద్ధుడు వానలో వెంటవచ్చి త్రోవ చూపి, ప్రతిఫలము నొల్లక చేతులెత్తి కేకలువైచెను. మరియొక యింటివాడు డబ్బిత్తునన్నను, చీకటిగా నున్నదని గడప దాటడయ్యె. ఈ రెండవవానికిని వాని కుటుంబమునకును స్టీవెన్‌సను ఆ మృగము పేరే పెట్టి తిట్టెను. చీకటిపడిన పిమ్మట తలుపు తట్టిన పరదేశిని జూచి జంకుట యంత నేరమా? మన పల్లెలలో మాత్ర మెంద రట్లు వెంట వత్తురు? తడిసిన బట్టలతో నున్నవాని కోపమని క్షమింపవచ్చును. ఇల్లు చేరి, ఆరిన బట్టలతో వ్రాయునపుడైన నా కోపము చల్లారవలసినది.

మతప్రసక్తి వచ్చినచోట నాయన మరల మనకు దగ్గరవాడగును. మంచులమాత పేర వెలసిన ట్రాపిస్టు సన్న్యాసుల మఠమున, తాను ప్రొటెస్టాంటునని తెలియగానే, అచ్చట నతిథులుగా నున్న యొక పల్లెటూరి గురువును, ఒక వృద్ధసైనికుడును తమ మతమునకు ద్రిప్పజూచిరి. కొన్ని దినములకు టార్ను నదీలోయలో, ముసలివాడొకడు ప్రభువు నెరుగుదువా యని యడిగెను. గ్రంథకర్త పైకి జూపి యెరుగుదు ననెను. తన చిన్న మతశాఖకు జేరినవాడు దొరకెనని ముసలివాడు పొంగిపోయెను. కాదని చెప్పుటకు స్టీవెన్‌సనునకు నోరాడలేదు. ఇది యసత్యమని మన సత్యవ్రతులలో గొంద రనవచ్చును, నే ననజాలను. ఆ పొరపాటును పాఠకునికి దాచక, దానికి దా నంతగా సిగ్గుపడుట లేదనియు జెప్పివేసినాడు.

నే నోర్వజాలని దొక్కటి కలదు. 1702లో కామిసారుల తిరుగుబాటు మొదలైన పాన్ ద మాన్వేరులో, భోజనశాలయందు వడ్డించు క్లారిస్సు అను యువతి కన్నులను, ఆకారమును సంతలో బేరగానివలె వర్ణించి, ఆమె నెమ్మదిని నేర్పుపెట్టిన యావుతో బోల్చెను. బుషేలో గృహిణి పలుకగా మనము వింటిమి. ఇచ్చట నీమె పలుకు మన చెవి బడదు. బయలుదేరునపుడు తన మెప్పును దెలుపగా, ఆమె వెరగుపడక, సిగ్గుపడక, పెద్దకన్నులతో నిదానించి చూచెనని మాత్రము వ్రాసినాడు. ఆ చూపున నేమున్నదో యడుగక, గాడిదను దోలుకొని టార్ను వెంబడి క్రిందికి సాగిపోయెను.