పాఠం – 4: ఇష్టపడి చదివిన పుస్తకాన్ని మరొకరికి చెప్పడం

4.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆనందం కోసం చదవడానికీ, పరీక్ష కోసం చదవడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ‘ఈ పుస్తకం చదవండి’ అనే మాటలో విమర్శ ఎట్లా మొదలవుతుందో గుర్తించగలుగుతారు.
• మీకు నచ్చిన ఒక పుస్తకాన్ని తగిన కారణాలతో మరొకరికి పరిచయం చేయగలుగుతారు.

4.1 ప్రస్తావన

విమర్శ అంటే ఏమిటి, దాని ప్రయోజనాలేమిటి అనే విషయాలు కిందటి పాఠాల్లో చదివారు. నిర్వచనాలు చదివిన విద్యార్థికి విమర్శ అనేది పండితుల పని అనీ, తనకు అందనిదనీ అనిపించడం సహజం. నిజానికి మీరు ఆ పనిని ఎప్పుడో మొదలుపెట్టారు. “మొన్న ఒక నవల చదివిన, మస్తుగున్నది, నువ్వు సుత చదువు” అని స్నేహితునితో ఎప్పుడైనా అన్నారా? ఆ చిన్న మాటలో రెండు నిర్ణయాలున్నాయి. ఒకటి, ఆ పుస్తకం బాగుందన్నది. రెండు, అది ఆ స్నేహితునికి తగిన పుస్తకమన్నది. ఈ రెండు నిర్ణయాలకూ కారణం చెప్పగలిగితే మీరు విమర్శ చేసినట్టే.

దూరవిద్యలో చదివే మీ పరిస్థితి నాకు తెలియనిది కాదు. నేనుండే కాజీపేట జంక్షనులో పొద్దున సికింద్రాబాద్ వైపు వెళ్లే బండి ఎక్కేవాళ్లలో మీవంటి విద్యార్థులు ఎందరో ఉంటారు. పగలు ఉద్యోగం, సాయంత్రం ఇల్లు, ఆదివారం తరగతులు. బండిలో దొరికే రెండు గంటలపైచిలుకు సమయంలో చేతిలో ఉండేది గైడు, లేకపోతే సెల్‌ఫోను. ‘సిలబస్ పూర్తి చేయడానికే టైము లేదు, సరదా పుస్తకాలెక్కడ చదవాలి?’ అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా జవాబు ఇది: ఇష్టపడి ఒక్క పుస్తకం కూడా చదవని విద్యార్థి సాహిత్యం గురించి రాసే ప్రతి వాక్యమూ అరువు వాక్యమే అవుతుంది. మార్కులు రావచ్చు, అభిరుచి రాదు. అభిరుచి లేనిచోట విమర్శ లేదు.

4.2 ఆనందం గురించి మన లాక్షణికులు

ఆనందం కోసం చదవడం చిన్నతనమనే భావన మన సంప్రదాయంలో లేదు. 11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యప్రయోజనాలు చెప్పాడు. కీర్తి, ధనం, లోకవ్యవహార జ్ఞానం, అమంగళ నివారణ, కాంతాసమ్మితమైన ఉపదేశం; వీటితో పాటు ‘సద్యఃపరనిర్వృతి’. అంటే చదువుతున్న క్షణంలోనే కలిగే పరమానందం. కీర్తీ ధనమూ తరువాత రావచ్చు, రాకపోవచ్చు. ఆనందం మాత్రం అప్పటికప్పుడే రావాలి. అన్ని ప్రయోజనాల్లో ఇదే ప్రధానమని ఆయన అభిప్రాయం.

ఉపదేశంలో మూడు తీరులున్నాయని కూడా మీరు చదివి ఉంటారు. ప్రభుసమ్మితం ఆజ్ఞాపిస్తుంది. మిత్రసమ్మితం నచ్చజెప్పుతుంది. కాంతాసమ్మితం మనసును లాలించి తనవైపు తిప్పుకుంటుంది. ఈ విభజనను శాస్త్రానికీ కావ్యానికీ అన్వయించడం మామూలు. దీన్ని పుస్తకాలు చెప్పుకునే తీరుకు కూడా అన్వయించి చూడండి. పాఠ్యప్రణాళిక ‘ఇది చదవాలి’ అంటుంది. అది ప్రభువు మాట. స్నేహితుడు ‘ఇది చదువు, ఎందుకంటే...’ అంటాడు. ఆ ‘ఎందుకంటే’లోనే విమర్శ ఉంది. ఇక చదవడం మొదలుపెట్టాక మనలను పట్టి కూర్చోబెట్టవలసినది పుస్తకమే.

‘కాలక్షేపం’ అనే మాటను కూడా గమనించండి. ఈనాడు కాలక్షేపం నవల అంటే తక్కువచేసి మాట్లాడినట్టు. ఒకప్పుడు పురాణ కాలక్షేపం, హరికథా కాలక్షేపం గౌరవమైన మాటలు. గుడి మంటపంలోనో రచ్చబండ దగ్గరో ఒకరు చదువుతుంటే నలుగురు వినేవారు. చదువు రానివారు కూడా భారత భాగవతాల్లోని మంచిచెడ్డలు చర్చించేవారు. ఆనందమూ విచారణా అక్కడ విడివిడిగా ఉండేవి కావు.

4.3 చేతులు మారిన పుస్తకాలు: మన ప్రాంతపు అనుభవం

నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష కూడా ఉర్దూయే. తెలుగు పుస్తకం చదివితే ఉద్యోగం వచ్చే కాలం కాదది. అటువంటప్పుడు తెలుగు చదివే అలవాటు ఎట్లా నిలిచింది? చదివినవారు చదవనివారికి పుస్తకం అందించడం వల్ల నిలిచింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. భాషాభిమానులు పూనుకొని నిలబెట్టిన గ్రంథాలయాలివి.

వట్టికోట ఆళ్వారుస్వామి (1915–1961) జీవితం ఇందుకు మంచి ఉదాహరణ. పేదరికంలో పుట్టి, హోటలులో పనిచేస్తూ చదువుకున్న మనిషి ఆయన. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి పుస్తకాలు అచ్చువేశారు. అచ్చువేసి ఊరుకోలేదు, వాటిని స్వయంగా మోసుకుంటూ తిరిగి అమ్మారు. అట్లా అమ్మే మనిషికి ఎదుటివాడు అడిగే మొదటి ప్రశ్న ‘ఇందులో ఏమున్నది?’ అనే. దానికి పండితుల పరిభాషలో చెప్పే జవాబు పనికిరాదు. వినేవాడి బతుకుకు దగ్గరగా చెప్పాలి. ఆ తరువాత ఆయన ‘ప్రజల మనిషి’, ‘గంగు’ నవలలు రాశారు. పాఠకుడి ముఖం చూసి మాట్లాడిన అనుభవం ఆ నవలల సూటిదనానికి తోడ్పడిందని నా అభిప్రాయం.

కాజీపేట పక్కనే ఉన్న మడికొండ, కాళోజీ నారాయణరావు పెరిగిన ఊరు. కాళోజీ సోదరులూ మిత్రులూ వరంగల్లులో నడిపిన మిత్రమండలి సమావేశాల్లో రచనలు చదివి వినిపించుకొని, వాటి గురించి మాట్లాడుకునేవారు. ఇక వరంగల్ ప్రాంతంలోనే లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి అనువదించారు. అంత పెద్ద నవలను వాక్యం వాక్యం తూచి మరొక భాషలో పెట్టడం ఇష్టం లేకుండా జరిగే పని కాదు. అనువాదం అంటే తన భాష రాని పాఠకునికి కూడా ‘ఇది చదవండి’ అని చెప్పడమే.

4.4 మంచి సిఫారసుకు ఉండవలసిన లక్షణాలు

(అ) కారణం ఉండాలి: ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ గురించి ‘చాలా నవ్వొస్తుంది’ అని ఆపితే వినేవారికి ఏమీ తెలియదు. నవ్వు ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలి. కథ చెప్పేది పిల్లవాడు. పెద్దవాళ్లు దాచుకునే డాంబికాలన్నీ వాడికి కనబడతాయి కానీ, అవి దాచవలసినవని వాడికి తెలియదు. ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. వాడి మాట తీరే పుస్తకపు వచనం, ఆ వచనానికి బాపు బొమ్మలు తోడు. ఈ నాలుగు మాటలు చెబితే ‘కథకుడి దృష్టికోణం’ అనే విమర్శ పదాన్ని వాడకుండానే దాన్ని వివరించినవారవుతారు.

(ఆ) పాఠకుణ్ణి గుర్తుంచుకోవాలి: దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలలో నిజాం కాలపు తెలంగాణ పల్లె ఉంది. దొర, కరణం, వారి కింద నలిగే జనం ఉన్నారు. బయటినుంచి ఆ ఊరికి వచ్చిన సంగీత విద్వాంసుడు సారంగపాణి ఉన్నాడు. పాత్రల నోట తెలంగాణ పలుకుబడి వినబడుతుంది. తాతల కాలం కష్టాలు ఇంట్లో విని పెరిగిన వరంగల్ పాఠకునికి ఈ నవల తన ఇంటి కథగా తోస్తుంది. విశాఖపట్నం పాఠకునికి ఇస్తున్నప్పుడు మాత్రం ‘మీకు తెలియని లోకంలోకి సారంగపాణి తీసుకుపోతాడు’ అని చెప్పాలి. పుస్తకం ఒకటే, ప్రవేశించే తలుపులు వేరు.

(ఇ) ఇబ్బందిని దాచకూడదు: 1969లో పుస్తకంగా వచ్చిన నవీన్ ‘అంపశయ్య’ నవల ఉస్మానియా విద్యార్థి రవి మనసులో ఒక్క రోజులో జరిగేదాన్ని చెబుతుంది. వరంగల్ ప్రాంతానికి చెందిన ఆ రచయితకు నవల పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఈ నవలలో కథ వరుసగా నడవదు. జ్ఞాపకం, భయం, కోరిక, ఎదుట జరుగుతున్న సంఘటన ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. దీన్నే చైతన్యస్రవంతి శిల్పం అంటాం. ‘మొదట్లో తడబడతావు. కథ ఎక్కడికి పోతున్నదని చూడకు, రవి వెంట నడువు’ అని ముందే చెబితే చదివేవాడు మధ్యలో వదిలిపెట్టడు. చెప్పకుండా ‘గొప్ప నవల’ అని చేతిలో పెడితే, అర్థం కాకపోవడం తన తెలివితక్కువ అనుకుంటాడు. అటువంటి అవమానం ఎంతోమందిని పుస్తకాలకు దూరం చేసింది. తొందరపాటు సిఫారసు వల్ల జరిగే నష్టం ఇదే.

(ఈ) ఇష్టం మీదే కావాలి: ‘మీకిష్టమైన పుస్తకమేది?’ అని అడిగితే చాలామంది చదివిన పుస్తకం పేరు చెప్పరు, చెబితే గౌరవం పెరిగే పుస్తకం పేరు చెబుతారు. యద్దనపూడి సులోచనారాణి నవలలను అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చి రాత్రికి రాత్రి చదివిన తరం ఒకటుంది. ఆ తరంలో కొందరు తరువాత ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గుపడ్డారు. సిగ్గెందుకు? ఆ నవలలు ఎందుకు అట్లా చదివించాయో అడిగితే అది మంచి విమర్శ ప్రశ్న. ఆత్మాభిమానం గల నాయిక, వారం వారం ఎదురుచూడవలసిన సీరియల్ పద్ధతి, సంపన్నుల ఇంటి గురించిన మధ్యతరగతి కల, ఇవన్నీ పరిశీలించదగినవే. నచ్చలేదన్నా నచ్చిందన్నా, చదివి చెప్పిన మాటకే విలువ.

మీ అవగాహనను పరీక్షించుకోండి
1. సద్యఃపరనిర్వృతి అంటే ఏమిటి?
2. ‘అంపశయ్య’ను కొత్త పాఠకునికి పరిచయం చేసేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

4.5 ఇష్టానికి హద్దులు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘లోకో భిన్నరుచిః’ అన్నారు కదా, ఎవరి ఇష్టం వారిదైతే ఇక విమర్శ ఎందుకు? ఇష్టం విమర్శకు ఆరంభమే, ముగింపు కాదు. ‘నాకు నచ్చింది’ అన్న దగ్గర ఆగిపోతే సంభాషణ కూడా ఆగిపోతుంది. నచ్చడానికి కారణం వెతికితే పుస్తకంలోని నిర్మాణం బయటపడుతుంది, నచ్చినదానిలో లోపాలు కూడా కనబడతాయి. కట్టమంచి రామలింగారెడ్డి పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని ఇట్లాగే పరిశీలించారు. అందులోని కథాకల్పనను మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయన విమర్శదృష్టిని కప్పివేయలేదు. ఆ పరిశీలన నుంచి రూపొందిన ‘కవిత్వతత్త్వ విచారము’ ఆధునిక తెలుగు విమర్శకు తొలి మెట్లలో ఒకటయింది.

మరొక అపోహ కూడా ఉంది. ఆనందం కోసం చదవడమంటే తేలిక పుస్తకాలు చదవడమని. అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడుతరాలు’గా సంక్షిప్తంగా తెలుగు చేశారు. ఆఫ్రికా నుంచి బానిసగా పట్టి తెచ్చిన కుంటా కింటే, అతని సంతతి పడిన బాధ ఆ పుస్తకం నిండా ఉంది. అయినా చేతిలోకి తీసుకున్నవారు వదలలేకపోయారు. దుఃఖం చదివి ఆనందించడమేమిటి? కరుణాన్ని కూడా రసమే అన్న మన ఆలంకారికులు ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొన్నారు. మన బాధ కాని బాధను మనదిగా అనుభవించగలగడంలో ఒక తృప్తి ఉంది. ఆ శక్తి గలవాడినే వారు సహృదయుడన్నారు. సహృదయుడు పుట్టుకతో రాడు. మళ్లీ మళ్లీ చదవడం వల్ల తయారవుతాడు. మళ్లీ మళ్లీ చదివించేది ఆనందమే.

పాఠ్యగ్రంథాలకూ ఇదే వర్తిస్తుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ను ప్రశ్నల కోసం చదివితే గిరీశం ‘పాత్రచిత్రణ – పది మార్కులు’గా మిగిలిపోతాడు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి పాత్రలు పంచుకొని గట్టిగా చదవండి. గిరీశం వెంకటేశానికి చేసే బోధలు గొంతులోంచి వచ్చినప్పుడే అతని మాయ ఎక్కడుందో తెలుస్తుంది. నవ్వుతూనే, ఆ మాటలను మనం కూడా నమ్మబోయామని గ్రహిస్తాం. ఆ తరువాత రాసే జవాబు మీ సొంతమవుతుంది.

4.6 సారాంశం

ఆనందం సాహిత్య ప్రయోజనాల్లో ప్రధానమైనదని మన లాక్షణికులే చెప్పారు. చదివే అలవాటును చదువుకు, ఉద్యోగానికి సంబంధం లేని కాలంలో కూడా నిలిపినవారు పుస్తకాన్ని ఇష్టంతో చేతులు మార్చినవారే. పుస్తకాన్ని మరొకరికి చెప్పడం విమర్శకు తొలిరూపం. దానికి కారణం ఉండాలి, ఎదుటి పాఠకుని గురించిన ఎరుక ఉండాలి, ఇబ్బందులను దాచని నిజాయితీ ఉండాలి, ఆ ఇష్టం మీ సొంతమై ఉండాలి.

4.7 అభ్యాసం

1. ఆనందం కోసం చదవడం, విమర్శకు ఎట్లా పునాది అవుతుందో ఉదాహరణలతో వివరించండి.
2. తెలంగాణలో తెలుగు పఠనం నిలవడంలో గ్రంథాలయాలు, వట్టికోట ఆళ్వారుస్వామి నిర్వహించిన పాత్రను చర్చించండి.
3. ప్రయోగ కార్యం: సిలబస్‌లో లేని, మీరు ఇష్టపడి చదివిన ఒక పుస్తకాన్ని ఎంచుకోండి. మీకు బాగా తెలిసిన ఒక మనిషిని మనసులో పెట్టుకొని, ఆ పుస్తకాన్ని ఆ మనిషి ఎందుకు చదవాలో ఒక పేజీలో రాయండి. ‘గొప్ప’, ‘అద్భుతం’, ‘తప్పక చదవాలి’ అనే మాటలు వాడకండి. రాసినది ఆ మనిషికే ఇవ్వండి. పుస్తకం కూడా ఇవ్వండి. నెల తరువాత అభిప్రాయం అడగండి. మీరు చెప్పినదానితో ఏకీభవించకపోతే వాదించకుండా వినండి, విన్నది రాసుకోండి. మీ పేజీనీ, ఆ అభిప్రాయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పుస్తకం గురించి మీకు అంతవరకు తోచని విషయం ఒక్కటైనా కనిపిస్తుంది. అది రాసి, సంపర్క తరగతికి తీసుకురండి.