నశించిన జాతి తిరిగి లేచినదా? ఒక విమర్శనాత్మక పరిశీలన

పది వేల సంవత్సరములకు పూర్వమే అంతరించిన డైర్ తోడేలును తిరిగి బ్రతికించితిమని 2025 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలోసల్ బయోసైన్సెస్ సంస్థ ప్రకటించినది. ఇది సాధ్యమా, ఇది ధర్మమా అను రెండు ప్రశ్నలు మన ముందున్నవి.

మొదటిది సాధ్యత. బూడిదరంగు తోడేలు కణములలో 14 జన్యువులయందు 20 మార్పులు చేసి, పిండములను కుక్కల గర్భములలో పెంచిరి. పుట్టిన మూడు పిల్లలు మార్పు పొందిన బూడిదరంగు తోడేళ్ళే. స్పెయిన్ దేశములో 2000లో చనిపోయిన చివరి బుకార్డో కొండమేక కణములనుండి 2003లో ఒక పిల్లను పుట్టించిరి. ఊపిరితిత్తుల లోపమువలన అది కొద్ది నిమిషములకే చనిపోయినది. కావున ఈ వార్తను ఈస్టరు ప్రసంగమునకు ఉదాహరణగా ఎన్నుకొను బోధకులు జాగ్రత్తపడవలెను. పునరుత్థానమనగా మరణించినవాడే లేచుట. పోలికను తయారుచేయుట కాదు.

రెండవది ధర్మము. ప్రమాదము ప్రయోగశాలలోకంటె దానినిబట్టి చేయు వాదనలో ఎక్కువగా ఉన్నది. ఆ ప్రకటన వెలువడిన రోజులలోనే అమెరికా అంతర్గత శాఖ మంత్రి డగ్ బర్గమ్ ఈ సాంకేతికతను కొనియాడుచు, ప్రమాదస్థితిలోని జాతుల జాబితా విధానమును విమర్శించిరి. తిరిగి తేగలమన్న ధీమా పోగొట్టుటకు అనుమతిగా మారుట ఇట్లే.

మన కలివి కోడి వేరొక పాఠము నేర్పుచున్నది. నశించినదని తలంచబడిన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మరల కనబడినది. దానిని ఎవరును సృష్టింపలేదు. ముళ్ళపొదల అడవి మిగిలియుండుటచేత అదియు మిగిలినది. ఆదికాండము 2:15లో నరునికి అప్పగింపబడిన బాధ్యతలో కాపాడుట ఉన్నది. సంఘము బోధింపవలసినది ఆ బాధ్యతనే.