బీరువాకి వెనక వైపు

బూర్గంపాడులో మా ఇంట్లో ఒక టేకు బీరువా ఉంది. దాన్ని పక్కా తెలుగు వస్తువనుకున్నాను, కానీ ఆ పేరే ఫ్రెంచిది. ‘బ్యూరో’ అంటే మొదట్లో బల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డ. తర్వాత బల్ల అయింది, ఆఫీసు అయింది. మన దాకా వచ్చేసరికి పట్టుచీరలు దాచే చోటు అయింది. అలమారాదీ అదే కథ: పోర్చుగీసు నుంచి వచ్చింది, ఫ్రెంచి ‘ఆర్మ్వార్’కి వరసకి అక్క.

కాబట్టి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచి సామాను చూసి ‘అబ్బ, ఫారిన్!’ అనుకోవడం నాకు కొంచెం నవ్వులాట. జనం అక్కడ ఎక్కువసేపు ఆగేది జంట శిల్పం దగ్గర. ఒకే సికమోర్ దుంగ; ముందు మెఫిస్టోఫిలిస్, వెనక తల వంచుకున్న మార్గరెట్టా, అద్దంలో ఆమె కనిపిస్తుంది. సాలార్‌జంగ్ కొన్నాడని అందరం చెప్పగలం. చెక్కినవాడి పేరు ఎవరికీ తెలీదు. కొన్నవాడి అభిరుచినే మనం కళ అనుకుని మెచ్చుకుంటున్నామా?

పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో ఒక రూలుండేది. బీరువా చేసిన వడ్రంగి తన పేరు ముద్ర దాని మీద కొట్టాలి. కళాకారుడి మీద గౌరవంతో కాదు, వృత్తిసంఘం తనిఖీ కోసం. ముద్ర ఉండేది కూడా ఏ వెనక పక్కనో, పాలరాతి పలక కిందో. పైగా అది చట్రం బిగించినవాడి పేరు. తలుపుల మీద లతలు, పూలు చెక్కినవాడిది వేరే సంఘం, అతని పేరు చాలాసార్లు అక్కడా దొరకదు. నార్మండీ పల్లెల్లో పెళ్లికూతురితో పాటు అత్తారింటికి వెళ్లే బీరువాల మీద పావురాల జంటలు, గోధుమ పనలు చెక్కేవారు. ఆ పావురాలు ఎవరి చేతివో!

మా బీరువా ఎవరు చేశారని అమ్మమ్మని అడిగాను. ‘వడ్లాయన’ అంది. ఎన్ని బస్తాల ధాన్యం ఇచ్చారో మాత్రం ఠక్కున చెప్పింది. చెట్టు ఎక్కడిదని అడిగితే మాట మార్చింది. మాది అడవి అంచు ఊరు, టేకు గురించి అలా అడక్కూడదు.

మొన్న సున్నాలకి దాన్ని గోడ నుంచి జరిపాం. వెనక చెక్కలు నున్న చేయలేదు, రంపం గీతలు అలాగే ఉన్నాయి. ఒక మూల పెన్సిల్‌తో అంగుళాల లెక్క, కొట్టేసి మళ్లీ వేసింది. మొదటిసారి కూడిక తప్పాడు.