అలసటకు కొలబద్ద: 'పేస్' ప్రయోగముపై ఒక విమర్శ

దినమంతయు కలుపు తీసిన కూలివాడు రాత్రి కంటినిండ నిద్రపోయి, తెల్లవారుసరికి మరల పొలమునకు పోగలడు. విశ్రాంతితో తీరునట్టి ఈ స్థితిని మనము బడలిక అందుము. విశ్రాంతి తీసికొన్నను తీరక, నెలల కొలదిగ, ఏండ్ల కొలదిగ మనుష్యుని మంచమునకు కట్టివేయు నిస్సత్తువ వేరు. వైద్యులు దీనికి మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అనియు, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనియు పేర్లు పెట్టి, రెంటిని కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని క్లుప్తముగ వ్రాయుచున్నారు. రెండవ పేరును "దీర్ఘకాలపు అలసట" అని తెనిగించినచో, వినువారికి "అలసట ఎవరికి లేదు?" అని తోచును. రోగులను లోకము అపార్థము చేసికొనుటకు ఈ పేరు చాలవరకు తోడ్పడినది.

ఈ వ్యాధికి చికిత్స కనుగొనుటకై బ్రిటనులో జరిపిన 'పేస్' అను ప్రయోగమును ఇచ్చట పరిశీలింతము. శాస్త్రజ్ఞుల ప్రయోగమును ఎట్లు చదువవలెనో తెలిసికొనుటకు ఇది మంచి పాఠము.

మొదట వ్యాధిని గూర్చి రెండు మాటలు. 1955 జూలైలో లండనులోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో 292 మంది సిబ్బంది ఒకరి వెనుక ఒకరుగ జబ్బుపడిరి. ఆ మరుసటి సంవత్సరమే 'లాన్సెట్' వైద్యపత్రిక దీనిని ఒక క్రొత్త వ్యాధిగ పేర్కొనెను. కాని 1970లో ఇద్దరు మానసిక వైద్యులు రోగులను పరీక్షింపకయే, పాత రికార్డులు మాత్రము చూచి, అది సామూహిక ఉన్మాదమని వ్రాసిరి. నాటినుండి ఈ రోగమునకు "మనసు భ్రమ" అను ముద్ర వదలలేదు. 1988లో అమెరికా వైద్యులు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అను పేరును స్థిరపరచిరి.

2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వేలకొలది పరిశోధనలను పరిశీలించి దీని లక్షణములను స్పష్టపరచెను. పూర్వము చేయగలిగిన పనులు ఆరు నెలలకు పైగ చేయలేకపోవుట, నిద్రపోయినను సేద తీరకపోవుట, శ్రమ తరువాత వ్యాధి ముదురుట, ఈ మూడును తప్పక ఉండవలెను. వీటితోబాటు ఆలోచన మందగించుటయో, నిలుచున్నచో లక్షణములు పెరుగుటయో ఉండవలెను. వీనిలో ముఖ్యమైనది శ్రమానంతర క్షీణత. రోగి నేడు కొంచెము ఎక్కువ నడచినచో ఆ దెబ్బ వెంటనే తగలకపోవచ్చును. ఒకటి రెండు రోజులు గడచిన పిదప తగిలి, వారములపాటు లేవనీయకపోవచ్చును.

ఇక ప్రయోగము. పీటర్ వైట్, మైకేల్ షార్ప్, ట్రూడీ చాల్డర్ మొదలగువారు 641 మంది రోగులను నాలుగు వర్గములుగ యాదృచ్ఛికముగ విభజించిరి. అందరికిని సాధారణ వైద్యము జరిగెను. ఒక వర్గమునకు అది మాత్రమే. రెండవ వర్గమునకు శక్తికొలది పని సర్దుకొను శిక్షణ, మూడవ వర్గమునకు ఆలోచనాధోరణిని, నడవడిని మార్చు చికిత్స, నాల్గవ వర్గమునకు క్రమక్రమముగ వ్యాయామము పెంచు చికిత్స అదనముగ ఇచ్చిరి. 2011లో 'లాన్సెట్'లో ఫలితములు వెలువడినవి. కడపటి రెండు చికిత్సలు పొందినవారిలో సుమారు 60 శాతము మంది మెరుగుపడిరనియు, సాధారణ వైద్యము మాత్రమే పొందినవారిలో 45 శాతము మంది మెరుగుపడిరనియు తేల్చిరి. 2013లో మరియొక వ్యాసమున, ఆ రెండు వర్గములలో 22 శాతము మంది "కోలుకొనిరి" అని ప్రకటించిరి. "లేచి వ్యాయామము చేయుడు, బాగుపడుదురు" అను సలహాకు ఇది బలమైన ఆధారమయ్యెను.

ఈ ప్రయోగములో మెచ్చదగిన అంశములు లేకపోలేదు. రోగుల సంఖ్య పెద్దది. విభజన సక్రమముగ జరిగినది. మధ్యలో విడిచిపోయినవారు కొద్దిమందియే. లోపము కొలుచుటలో ఉన్నది.

శారీరక సామర్థ్యమును ప్రశ్నపత్రము ద్వారా 0 నుండి 100 వరకు మార్కులతో కొలచిరి. ప్రయోగమున చేర్చుకొనుటకు 65 గాని, అంతకు తక్కువ గాని రావలెను. అనగా 65 వచ్చినవాడు రోగి. కోలుకొన్నట్లు ఎంచుటకు 85 రావలెనని మొదటి ప్రణాళికలో వ్రాసికొనిరి. తరువాత దానిని 60కి తగ్గించిరి! ఉపాధ్యాయులు ఒక్కసారి యోచింపుడు. 65 లోపు వచ్చినవారిని వెనుకబడినవారని ప్రత్యేక తరగతిలో చేర్చి, సంవత్సరాంతమున 60 వచ్చినవారిని ఉత్తీర్ణులని ప్రకటించినచో ఏమగును? 65తో చేరి, 60కి దిగజారిన బాలుడును ఆ పరీక్షలో నెగ్గినట్లే లెక్క. కోలుకొనుటకు ఇతర నిబంధనలును కలవు. అవియు సడలింపబడినవే.

60 అను సంఖ్య ఎచ్చటినుండి వచ్చినది? జనసామాన్యపు సగటు 84 నుండి క్రమ విచలనమైన 24ను తీసివేసిరి. మార్కులు సగటుకు ఇరువైపుల సమానముగ, ఘంటాకారపు వక్రముగ పరచుకొన్నప్పుడే ఈ పద్ధతి చెల్లును. ఆరోగ్యవంతులలో పెక్కుమందికి ఈ ప్రశ్నపత్రమున 100 గాని, దానికి దగ్గరగ గాని వచ్చును. వృద్ధులు, వ్యాధిగ్రస్తులు సగటును క్రిందికి లాగుదురు. అట్టి లెక్కలో 60 ఆరోగ్యమునకు గుర్తు కాజాలదు. గణితము తప్పు కాదు. దానిని తగనిచోట వాడుటయే తప్పు.

రెండవ ఆక్షేపణ. తనకు ఏ చికిత్స జరుగుచున్నదో రోగికి తెలియును. "నీవు బాగుపడుదువు" అని చెప్పుటయే ఆ చికిత్సలో భాగము. ఫలితమును చెప్పవలసినదియు ఆ రోగియే. ఇట్టిచోట మర్యాద కొరకో, ఆశ చేతనో జవాబులు మారవచ్చును. అందుచే మనుష్యుని మాటతో నిమిత్తములేని కొలతలు అవసరము. ఆరు నిమిషముల నడకలో వ్యాయామ వర్గమువారు 312 మీటర్లనుండి 379 మీటర్లకు వచ్చిరి. సాధారణ వైద్యము పొందినవారు 326 నుండి 348కి వచ్చిరి. ఆరోగ్యవంతులు ఐదారు వందల మీటర్లు సునాయాసముగ నడచుదురు. మిగిలిన మూడు వర్గములవారికంటె ఒక్క వ్యాయామ వర్గమునకే, అదియు కొద్దిగ, మేలు కనిపించినది. రెండున్నర ఏండ్ల తరువాత జవాబులలో సైతము వర్గముల నడుమ చెప్పుకోదగిన భేదము మిగులలేదు.

మూడవది, రోగుల ఎంపిక. 1991 నాటి ఆక్స్‌ఫర్డ్ నిర్వచనము ప్రకారము ఎన్నుకొనిరి. దానిలో శ్రమానంతర క్షీణత తప్పనిసరి కాదు. వ్యాధికి మూలలక్షణమైనదే లేనివారు కూడ చేరుటకు అవకాశమున్నప్పుడు, ఫలితమును వ్యాధిగ్రస్తులందరికి అన్వయించుట ఎట్లు?

ఈ లోపములను మొదట పట్టుకొన్నది పండితులు కారు, రోగులు. మంచములపై పడియుండియు వారు వ్యాసములను పంక్తి పంక్తి చదివి ఉత్తరములు వ్రాసిరి. ఒక రోగి కోరికపై, 2016లో బ్రిటిష్ ట్రిబ్యునల్ ప్రయోగపు అంకెలను వెల్లడింపవలసినదిగ లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమును ఆదేశించెను. మొదటి ప్రణాళిక ననుసరించి లెక్కింపగా, కోలుకొన్నవారు ఆలోచనాచికిత్స వర్గమున 7 శాతము, వ్యాయామ వర్గమున 4 శాతము, సాధారణ వైద్య వర్గమున 3 శాతము మాత్రమే యని తేలినది. ఫలితములు చూడకముందే మార్పులు చేసితిమనియు, అవి సమంజసములనియు ప్రయోగకర్తలు వాదించుచున్నారు. 'లాన్సెట్' ఆ వ్యాసమును ఉపసంహరింపలేదు. వారి సద్భావమును శంకింపనక్కరలేదు. కాని గీటురాయి ముందే చెక్కి పెట్టుకొనుట సద్భావమున్నవారికిని అవసరమే. మనము కోరిన ఫలితమే మనకు కనబడుట మానవస్వభావము.

2021 అక్టోబరులో బ్రిటనులోని నైస్ సంస్థ తన పాత సలహాను మార్చుకొన్నది. నిర్ణీత మోతాదులో వ్యాయామము పెంచుచు పోవు చికిత్స ఈ రోగులకు ఇయ్యరాదనినది. ఆలోచనాచికిత్స రోగముతో బ్రదుకుటకు ఊతమే కాని రోగమును మాన్పునది కాదని చెప్పినది. పూర్తిగ నయముచేయు మందు లేదు. ఉన్న శక్తిని ఆదాయమువలె ఎంచి, దానికి లోబడి ఖర్చు చేయుటయే రోగి చేయదగినది. బాగున్నదని తోచిన రోజుననే పనులన్నియు చేయబూనరాదు. అలయకముందే ఆగవలెను. చదువుట, మాటలాడుట కూడ ఖర్చేయని మరువరాదు.

అట్లని నీరసపడిన ప్రతివారికిని ఈ వ్యాధి అంటగట్టుట పొరపాటు. మన దేశములో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత ఉన్నట్లు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలిపినది. థైరాయిడ్ లోపము, మధుమేహము, క్షయ కూడ నిస్సత్తువకు కారణములే. ముందు వైద్యునిచే పరీక్ష చేయించి, వీనిని తేల్చుకొనవలెను.

కోవిడ్ వచ్చి తగ్గిన తరువాత పెక్కుమందిలో ఇట్టి లక్షణములే కనబడుటచే ఈ విషయమునకు ప్రాముఖ్యము హెచ్చినది. ఈ వ్యాధి బాలురకును వచ్చును. జ్వరము తగ్గి నెలలైనను బడికి రాలేని విద్యార్థిని సోమరియని నిందించుటకు ముందు, వచ్చిన మరునాడెల్ల వాడు ఎందుకు పడుకొనుచున్నాడో విచారింపవలెను. మైదానములో పరుగెత్తించినచో సత్తువ వచ్చునను మాట అందరికిని వర్తింపదు. విద్యార్థులును "ప్రయోగమున తేలినది" అను వార్త చదివినపుడెల్ల మూడు ప్రశ్నలు వేయవలెను: ఎవరిని కొలచిరి? దేనితో కొలచిరి? కొలబద్దను మధ్యలో మార్చిరా?